గేదె పొట్ట దాకా నీళ్లు

మా ముత్తాతగారు లంక గ్రామాలకు మునసబు. ఏరు దాటవలసి వస్తే పల్లకీని బోయీలతో సహా పడవ మీదికి ఎక్కించి, తాను మాత్రం పల్లకీ దిగకుండానే అవతలి ఒడ్డుకు చేరేవారట. మా తాతగారు ఊరికి ప్రెసిడెంటు. మా చుట్టుపక్కల కారు అనే వస్తువును మొదట కొన్నది ఆయనే. నల్లగా, ఎత్తుగా, చిన్న బంగళాలా ఉండే ఆ కారు ఏటిగట్టెక్కి హారన్ కొడితే రేవులో స్నానాలు చేసేవాళ్లు కూడా సర్దుకుని నిలబడేవారని నానమ్మ చెప్పేది. మా నాన్నగారు రొయ్యల చెరువులు వేశారు. రొయ్యలు విరగపండిన ఏడాది మద్రాసు వెళ్లి ఎర్రటి స్పోర్ట్స్ కారు ఒకటి పట్టుకొచ్చారు. రెండే సీట్లు, వెనక్కి మడిచే గుడ్డ టాపు, నేలకు రాసుకుంటుందేమో అన్నంత పల్లం. మరుసటి ఏడాది రొయ్యలకు తెల్లమచ్చ తెగులు వచ్చింది. చెరువులు పోయాయి, కారు మిగిలింది. ఆ కారులో కూర్చుని లేవడం వల్ల నాన్నగారికి నడుం నొప్పి కూడా మిగిలింది.

ఆ రోజుల్లో నాకు ఇరవై దాటి ఎంతో కాలం కాలేదు. నేను వీధిలో నడుస్తుంటే కుక్కలు కూడా పక్కకు తప్పుకుంటాయని గట్టిగా నమ్మేవాణ్ణి (తప్పుకునేవి కావు, నేనే చుట్టు తిరిగి వెళ్లేవాణ్ణి). పొలం పోయినా, చెరువులు పోయినా, మా ఇంటికి ఇంకా ఒక్క మర్యాద మిగిలి ఉండేది. ఏటా గోదావరికి కొత్తనీరు వచ్చినప్పుడు, ఆ ఎర్రనీరు రేవు మెట్లు ముంచగానే, గోదారమ్మకు మొదటి చీర, పసుపు కుంకుమ మా ఇంటి నుంచే వెళ్లాలి. అవి నీళ్లలో పడేదాకా పల్లెకారులు కొత్తనీటిలో వల దించరు. పడ్డాక దొరికిన మొదటి చేప మా ఇంటికే వస్తుంది. పొద్దు నడినెత్తికి వచ్చేలోగా మేము వెళ్లకపోతే మాత్రం, రేవులో ఎవరి చేతిలో చీర ఉంటే వారే పెట్టవచ్చు, ఆపైన ఆ మర్యాద వాళ్ల ఇంటిదే. ఇన్ని తరాలలో అలా ఎప్పుడూ జరగలేదు. అయితే ఆమధ్య కొన్నేళ్లుగా మా ఊరి రైసుమిల్లు ఆయన కూడా ఆ రోజున ఒక చీర కొని సంచిలో పెట్టుకుని రేవుకు రావడం మొదలుపెట్టాడు. వాళ్ల తాత మా తాతగారి కారుకు డ్రైవరు. "ఎందుకైనా మంచిదని తెచ్చానండి," అనేవాడు వినయంగా. ఆ వినయమే నాకు నచ్చేది కాదు.

ఆ ఏడు కొత్తనీరు మెట్ల దగ్గర ఆగలేదు. తెల్లారేసరికి రేవు మునిగి, రేవుకు వెళ్లే పల్లపు రోడ్డు మునిగి, ఊరు చివరి కల్వర్టు దాకా వచ్చేసింది. నాన్నగారు నడుం పట్టేసి మంచం మీద ఉన్నారు. చీర పెట్టవలసింది ఇంటి పెద్దావిడ, తీసుకువెళ్లవలసింది ఇంటి మగవాడు. అంటే నానమ్మ, నేను. నానమ్మ ఉప్పాడ చీర (పూర్వం జరీది పెట్టేవాళ్లం, అప్పటికి నూలుదానికి దిగాం), పసుపు కుంకుమలు పళ్లెంలో సర్దుకుని, ఆ పల్లపు సీటులోకి గోడ పట్టుకుని మెల్లగా దిగి, పళ్లెం ఒళ్లో పెట్టుకుని నిటారుగా కూర్చుంది. మా వంశంలో వెన్ను వంచకుండా ఆ కారులో కూర్చోగలిగింది ఆవిడ ఒక్కతే.

కల్వర్టు దగ్గర సగం ఊరు ఉంది. పల్లెకారుల పెద్ద, అందరూ సరంగు అని పిలిచే ముసలాయన, నావ సిద్ధం చేసుకుని నిలబడ్డాడు.

"అమ్మగారూ, నావెక్కండి. అయిదు నిమిషాల్లో రేవు కాడ దింపుతాను."

"ఎక్కుదాం రా నాయనా," అంది నానమ్మ.

"తాతగారు ఎప్పుడైనా నావలో వెళ్లారా?" అన్నాను నేను.

"మీ తాతగారి కారు ఎత్తుగా ఉండేది."

ఇంతలో రైసుమిల్లు ఆయన ట్రాక్టరు మీద వచ్చాడు, సంచితో సహా. "అబ్బాయిగారూ, వెనక ట్రక్కులో కుర్చీ వేయించానండి మామ్మగారికి. మీరు కూడా ఎక్కేయండి. ఆ బండి నీళ్లలోకి దింపకండి, పాడైపోద్ది," అన్నాడు. నిజానికి నేను అప్పటికి నావ ఎక్కుదామా అనే ఆలోచనలోనే ఉన్నాను. కానీ మా డ్రైవరు మనవడు నా కారు గురించి నాకు చెప్పాక ఇంక నావ ఎలా ఎక్కుతాను?

లోతు చూడకుండా దిగే మూర్ఖుణ్ణి కాదని ఇక్కడ మనవి చేసుకోవాలి. చూశాను. ఎదురుగా రోడ్డు మధ్యలో ఒక గేదె నిలబడి ఉంది. నీళ్లు దాని పొట్టకు తగులుతున్నాయి, అంతే. గేదె పొట్ట దాకా నీళ్లంటే అదేమంత లోతు? గేదె పొట్ట ఎత్తు ఎంత, నా కారు తలుపు ఎత్తు ఎంత అనే లెక్క మాత్రం ఆ క్షణంలో నాకు తట్టలేదు. గేదె కింద నుంచి నా కారును దూర్చవచ్చునని తర్వాత దాన్ని బాగుచేసిన మేస్త్రి చెప్పాడు.

ఫస్టు గేరు వేసి, యాక్సిలరేటరు వదలకుండా దింపాను. మొదట్లో అద్భుతంగా ఉంది. ముందు చక్రాల దగ్గర నీళ్లు రెండుగా చీలి రెక్కల్లా లేచాయి. గట్టు మీద జనం ఈలలు వేశారు. (అప్పటికి మా ఊళ్లో ఫోన్లకు కెమెరాలు లేకపోవడం మా పూర్వీకులు చేసుకున్న పుణ్యం.) నేను తాతగారిలా ఒక చెయ్యి తలుపు మీద పెట్టి హారన్ కొట్టాను. గేదె తల తిప్పి చూసింది కానీ కదల్లేదు. దాన్ని తప్పించడానికి కొంచెం ఎడమకు తిప్పాను. రోడ్డు ఎడమ పక్క ఇంకాస్త పల్లమని ఊళ్లో అందరికీ తెలుసు, నాకూ తెలుసు. కారు ముక్కు కిందికి దిగింది, బానెట్ మీదుగా ఎర్రనీరు ఒక్కసారి అద్దం దాకా వచ్చి వెనక్కి వెళ్లింది, ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

తాళం తిప్పాను. టక్కుమంది. మళ్లీ తిప్పాను. ఈసారి ఆ టక్కు కూడా లేదు. తలుపు సందుల్లోంచి నీళ్లు తొందరేమీ లేకుండా లోపలికి వచ్చి, మడమలు, పిక్కలు దాటి మోకాళ్ల దగ్గర ఆగాయి. సూర్యుడు దాదాపు నడినెత్తి మీద ఉన్నాడు. వెనక నుంచి ట్రాక్టరు చప్పుడు. రైసుమిల్లు ఆయన మా పక్కనే ఆపి, కుర్చీ వేసిన ట్రక్కు చూపించాడు.

"ఎక్కండి మామ్మగారూ, టైమైపోతోంది."

"నువ్వు వెళ్లవయ్యా," అన్నాను నేను, ఆ మాట ఎంత ప్రమాదమో గ్రహించకుండా.

"సరేనండి అయితే. అక్కడ ఎవరో ఒకరు ఉండాలి కదండీ," అని గేరు వేశాడు. సంచి ఒళ్లో పెట్టుకున్నాడు. అప్పుడు తెలిసింది నాకు, ఆ ట్రాక్టరు రేవు చేరితే ముత్తాతగారి నాటి నుంచి ఉన్న మర్యాద దాని చక్రాల కింద పడి నలిగిపోతుందని.

నానమ్మ మాత్రం ఒళ్లోని పళ్లెం వంక చూసింది, పళ్లెం అంచుకు జానెడు దూరంలో ఊగుతున్న నీళ్ల వంక చూసింది.

"ఒరేయ్ నాయనా, ఈ నీళ్లెవరివి?"

"గోదావరివే నానమ్మా."

"మరి ఇంకెక్కడికిరా వెళ్లేది? ఆవిడే వచ్చి మన కార్లో కూర్చుంటే."

అంటూనే చిటికెడు పసుపు, చిటికెడు కుంకుమ నా కాళ్ల దగ్గర, క్లచ్ మీద వేసి, మిగిలిందంతా తన వైపు వేసి, చీర మడత విప్పి తలుపు మీదుగా బయటికి వదిలింది. ఆకుపచ్చ అంచు ఉప్పాడ చీర ట్రాక్టరు ముందు నుంచి అడ్డంగా సాగి, గేదె పక్కగా, గోదావరి లాగినట్టే వెళ్లిపోయింది. రైసుమిల్లు ఆయన బ్రేకు వేశాడు.

"ఇది చెల్లదేమోనండి. రేవులో కదా పెట్టాలి," అన్నాడు.

నానమ్మ మా వెనకే నావ వేసుకొచ్చిన సరంగు వైపు తిరిగింది. "నువ్వు చెప్పు."

సరంగు గడ్డం గోక్కున్నాడు. "రేవు ఎక్కడుందండి ఇప్పుడు? నీటడుగున ఉంది. ఆ నీరే ఇక్కడుంది. అమ్మగారు పెట్టారు, ఆవిడ పుచ్చుకుంది. మధ్యలో మనమెవరమండి?" అని, ఇంకో మాటకు తావివ్వకుండా అక్కడే, కారు పక్కనే వల విసిరాడు. పడిన మొదటి చేపను, అరచెయ్యంత ఉంది, తలుపు మీదుగా నా చేతికి ఇచ్చాడు. స్టీరింగు ఒక చేత్తో, చేప ఒక చేత్తో పట్టుకుని నేను మా ఇంటి మర్యాదను స్వీకరించాను.

"ఆయ్, మరి నా చీరేం చేయమంటారండి?" అన్నాడు రైసుమిల్లు ఆయన.

"రెండోది నువ్వు పెట్టు బాబూ. ముందు ఆ తాడు తీసి మా కారుకు కట్టు," అంది నానమ్మ. అలా మా కారు ట్రాక్టరు వెనకాల ఇంటికి వచ్చింది. నేను స్టీరింగు పట్టుకుని, నేనే నడుపుతున్నట్టు ముఖం పెట్టి కూర్చున్నాను.

మర్నాడు ధాన్యం ఎండబోసే కళ్లంలో కారు నష్టం తేల్చే కార్యక్రమం జరిగింది. స్పోర్ట్స్ కారు తెలిసిన మెకానిక్ మా వైపు లేడు కాబట్టి పంపుసెట్లు బాగుచేసే మేస్త్రిని పిలిచాం. ఆయన ఆయిలు చూసే పుల్ల బయటికి లాగి, నీళ్లు కలిసి తెల్లబారిన ఆయిలు వాసన చూసి, "టీ అండి. పాలెక్కువయ్యాయి," అన్నాడు. ప్లగ్గులు విప్పి, కొత్త బ్యాటరీ పెట్టి సెల్ఫు కొట్టమన్నాడు. కొట్టాను. నాలుగు రంధ్రాల్లోంచి నాలుగు ధారలు నిలువెత్తున లేచి మేస్త్రి చొక్కా తడిపాయి. "ఇంత నీరు నేను బాగుచేసిన ఏ బోరూ ఇవ్వలేదండి," అన్నాడు సంతోషంగా. ఎడమ హెడ్‌లైటులో సగానికి నీళ్లున్నాయి, ఆ నీళ్లలో వేలెడంత చేపపిల్ల ఒకటి తిరుగుతోంది. ఇది మర్యాదగా వచ్చింది కాదు, మా సొంత వేట. సీట్లు ఎండేశాం, తివాచీలు ఉతికాం. బురద పోయింది, పసుపు పోలేదు. కొన్నాళ్లకు ఇంజను కదిలింది కానీ, ఆనాటి నుంచి అది అచ్చం రైసుమిల్లులా చప్పుడు చేసేది.

నాన్నగారు మంచం మీద నుంచి ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. "హారన్ మోగుతోందా?"

"మోగుతోంది నాన్నగారూ."

"అయితే ఫర్వాలేదు," అని అటు తిరిగి పడుకున్నారు.

ఇప్పుడు నానమ్మ లేదు. చీర అమ్మ పెడుతుంది. నీరు ఎక్కువగా ఉన్న ఏడు సరంగు కొడుకు నావ తెస్తాడు, తక్కువగా ఉంటే రైసుమిల్లు ఆయన ట్రాక్టరు పంపుతాడు. వెన్ను నిటారుగానే పెట్టి రెండూ ఎక్కుతున్నాను. దారిలో గేదె ఎక్కడైనా నీళ్లలో నిలబడి కనిపిస్తే, తలుపు మీద ఒక చెయ్యి వేసి హారన్ కొడుతున్న ఆ కుర్రవాడు గుర్తొస్తాడు. వాణ్ణి ఆపాలని నాకు ఇప్పటికీ అనిపించదు, కాస్త కుడి వైపుకు తిప్పమని మాత్రం చెప్పాలనిపిస్తుంది.

కారును ఆ మరుసటి వేసవిలో జంగారెడ్డిగూడెంలో పామాయిల్ తోటలున్న ఒకాయనకు అమ్మేశాం. అది మెరక ప్రాంతం. అక్కడికి గోదావరి రాదు.