నాన్న అనే ఫోల్డరు

పోయిన మా నాన్న కాగితాలు స్కాన్ చేసి, ఇంగ్లీషు అక్షరాల్లో ‘నాన్న’ అని పేరుపెట్టిన ఫోల్డరులో దాచాను. ఎన్నిసార్లు సర్దినా నాకు కుదురు లేదు. ఆదివారం మళ్ళీ తెరిస్తే, ఆయన పెన్షన్ పుస్తకం పక్కన మా ఇంటి దగ్గరి రౌస్ హిల్ పార్కులో బార్బెక్యూ చేస్తున్న నా ఫోటో! ఒళ్ళు మండింది.

“ఎవరే ఇందులో వేలు పెట్టింది?”

“నేనే. ఇట్ సెడ్ నాన్న, సో ఐ పుట్ యూ దేర్,” అంది కూతురు, తన గదిలోంచే.

“అది మా నాన్నదే!”

“బట్ హీ ఈజ్ తాతయ్య!”

నిజమే. ‘తాతయ్య’ అని మార్చబోయాను. చెయ్యి రాలేదు. లేచి నీళ్ళు తాగొచ్చాను. మళ్ళీ కూర్చున్నాను, మళ్ళీ లేచాను. ఆ పేరు కాస్తా మార్చేస్తే, నేను ‘నాన్నా’ అనడానికి కంప్యూటర్లో కూడా ఎవరూ మిగలరు.