అబ్హా కొండ మీద సిద్ధమ్మ నిద్ర

వేసవి వచ్చిందంటే చాలు, ముబారక్ అల్ కబీర్ పేటలో పనిమనుషులందరికీ సిద్ధమ్మ మీద కుళ్లు పుట్టేది. వీళ్లంతా కువైట్ ఎండలో మాడుతుంటే, ఆమె యజమానులు మాత్రం ఇంటిల్లిపాదీ సౌదీలోని అబ్హా కొండలకు పోయి నెలరోజులు ఉండేవాళ్లు, ఆమెనూ తీసుకుని. అక్కడ మబ్బులు కిటికీలోంచి లోపలికి వస్తాయట, దుప్పటి కప్పుకోవాలట! అదృష్టమంటే అదీ అనుకునేవాళ్లు. ఆ అదృష్టం సంగతి సిద్ధమ్మ కాళ్లను అడగాలి.

రాయచోటి వైపు మనిషి. నలభై దాటాయి. కూతురు కడపలో నర్సింగ్ చదువుతోంది, చదువు నడిచేది ఈమె జీతం మీదే. కువైట్‌లోనూ పడుకుంటే కాళ్లు కాస్త గుంజేవి గాని, పగలంతా చేసిన చాకిరీకి ఎలాగో కన్ను మూతపడేది. కొండెక్కితే మాత్రం పిక్కల్లో ఏదో పాకుతున్నట్టుండి, కదపకుండా ఉండలేకపోయేది. కదిపితే క్షణం సుఖం, మళ్లీ మొదలు. కునుకు పట్టిందో లేదో ఊపిరి ఆగినట్టై ఉలిక్కిపడేది. ఆమె పడక యజమానురాలి తల్లి మంచం పక్కనే, నేల మీద. ముసలావిడకు మెలకువ వస్తుందేమోనని చున్నీతో రెండు కాళ్లూ కట్టేసుకుని పడుకునేది. తెల్లారితే మళ్లీ ఇంటెడు చాకిరీ. రెండు వేసవులు అలాగే గడిచాయి.

2009లో మళ్లీ ప్రయాణం దగ్గరపడింది. చెత్త పారెయ్యడానికి బయటికొచ్చిన పక్కింటి పనిమనిషి వెంకటేశ్వరితో చెప్పుకుంది.

"ఈసారి నా వల్ల కాదే. నిద్దర లేక సచ్చిపోతాండా. ఈడ్నే ఉంటానని మామానడుగుతా." అక్కడ పనిమనుషులు యజమానురాలిని పిలిచేది మామా అనే.

"అడగొద్దుక్కా! ఒంటిగా ఈడ ఉంటానంటే ఏమనుకుంటారో తెల్దా నీకు?"

తెలుసు. ఇల్లు వదిలి పారిపోయే పనిమనుషులు యజమానులు ఊళ్లో లేనప్పుడే పోతారని అందరూ అనుకుంటారు. అయినా అడిగింది. అంత అలిసిపోయి ఉంది మరి.

ముసలావిడ గదిలో మామా సూట్‌కేసు సర్దుతోంది. సిద్ధమ్మ వచ్చీరాని అరబీలో, "మామా, నేను అబ్హా రాను. ఈ నెల మీ చెల్లెలింట్లో పని చేస్తాను," అంది.

మామా సర్దడం ఆపేసింది.

"ఎవడు వాడు?"

"ఎవరూ లేరు మామా."

"అబ్హా వద్దన్న మనిషిని నేనింతవరకు చూళ్లేదు. ఫోన్ ఇటివ్వు."

ఫోన్‌లో ఉన్నవన్నీ ఊరి నంబర్లే. ఒక్కొక్కటీ ఎవరిదని మామా అడుగుతుంటే సిద్ధమ్మ నిలబడి జవాబులు చెప్పింది. పెళ్లీడు కూతురున్న మనిషి ఆ ప్రశ్నలు వినాల్సి రావడం ఎంత అవమానం! చివరికి, అక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డు రద్దు చేయించి ఊరికి పంపేస్తానంది మామా.

అప్పుడు మంచం మీంచి ముసలావిడ అందుకుంది.

"దాన్నేమీ అనకు. దానికి అక్కడ నిద్ర పట్టదు. రాత్రంతా కాళ్లు కొట్టుకుంటుంది, తాళలేక కట్టేసుకుంటుంది. నాకూ అక్కడ నిద్ర లేదు, చూస్తూనే ఉంటాను. నేను మేలుకున్నానని తెలిస్తే సిగ్గుపడుతుందని కళ్లు మూసుకునేదాన్ని."

సిద్ధమ్మకు ఏడుపొచ్చింది. రెండు వేసవులూ తనతో పాటు ఇంకో మనిషి మేలుకునే ఉందన్నమాట.

మామా మొహంలో అనుమానం పోయింది. అయితే ఇప్పుడామె సిద్ధమ్మ కాళ్ల వంక చూస్తోంది.

"జబ్బా? ఎన్నాళ్లనుంచి? వీసాకు ముందు చేసిన మెడికల్‌లో చెప్పావా?" అంది. "జబ్బు మనిషిని అమ్మ పక్కన ఎలా పడుకోబెడతాను? నిన్ను పంపిన ఆఫీసుకు ఫోన్ చేస్తాను, ఇంకో మనిషిని పంపుతారు."

"జబ్బేం లేదు మామా," అంది సిద్ధమ్మ గబగబా. "నా కాళ్లు బాగున్నాయి. పెద్ద మామా కల కని ఉంటుంది. నేను అబ్హా వస్తాను."

అనేసింది గాని మంచం వైపు చూడలేకపోయింది. తనను వెనకేసుకొచ్చిన ఒకే ఒక్క మనిషిని అబద్ధాలకోరును చేసింది.

ముసలావిడ కూతురి వైపు తిరిగి, "అవునేమో, కలే అయ్యుంటుంది. ముసలిదాన్ని కదా," అంది.