కలుజు దారిలో కట్టని గది

తవుడు వాసన తగిలితే నాకు చరిత్ర గుర్తొస్తుంది. మొన్న నాయుడుపేటలో ఒక రైస్‌మిల్లుకు మోటారు బిగించడానికి వెళ్ళాను. మిల్లు తిరగడం మొదలై వెచ్చటి తవుడు వాసన రాగానే, స్పానర్ కింద పెట్టి కాసేపు నిలబడిపోయాను. వాకాడు వైపున్న మా ఊళ్ళో శాఖా గ్రంథాలయం మిల్లు వెనక అద్దెగదిలో ఉండేది. పుస్తకం ఏది తెరిచినా పేజీల మధ్య సన్నటి తవుడు పొడి. ఆ గదిని చూసుకున్న రూతమ్మగారు రోజూ ఉదయం వచ్చి, పాత చీర ముక్కతో బీరువాలన్నీ తుడిచాకే కుర్చీలో కూర్చునేవారు. నేను పదో తరగతితో బడి మానేసి మోటార్లకు వైండింగ్ చేసే పనిలో పడినవాణ్ణి. ఆ తరువాత నా చదువంతా ఆ గదిలోనే సాగింది. ఈ మాట నేను గర్వంగానే చెప్పుకుంటాను.

ఆమె బిట్రగుంట రైల్వే కాలనీలో పెరిగిన మనిషి. ఆదివారం చర్చికి, మిగిలిన రోజుల్లో గ్రంథాలయానికి. ఇంకెక్కడా కనిపించేవారు కాదు. మొదట్లో నేను రాజుల కథలూ యుద్ధాల కథలే అడిగేవాణ్ణి. ఒకరోజు ఆమె నేను అడిగిన పుస్తకం ఇస్తూనే, దాని మీద మన జిల్లా గురించిన పాత పుస్తకం ఒకటి పెట్టారు.

"రాజులు ఎటూ శాసనాలు వేయించుకున్నారు శీనయ్యా. మన చెరువుకట్టకు మట్టి మోసినోళ్ళకు ఎవరు వేయిస్తారు? అది ముందు కనుక్కో."

కుడిమరామత్తు అనే మాట ఆ పుస్తకంలోనే మొదటిసారి చదివాను. వానలకు ముందు ఇంటికొక మనిషి పార పట్టుకొచ్చి చెరువునూ కాలువలనూ బాగుచేసుకునే కట్టుబాటు అది. చదివి పొంగిపోయాను. మన పెద్దలు ఎంత ఐకమత్యంగా ఉండేవారో అని పేపరు చదవడానికి వచ్చిన వాళ్ళందరికీ చెప్పాను. రూతమ్మగారు అంతా విని, మా ఊరి పల్లంలో ఉన్న కాలనీకి వెళ్ళి అక్కడి ముసలివాళ్ళను కూడా అడిగి రమ్మన్నారు. వెళ్ళాను. మట్టి మోసింది ఎక్కువగా తమవాళ్ళేననీ, నీళ్ళు మాత్రం అందరి పొలాలూ తడిశాక, మిగిలితేనే తమకు వచ్చేవనీ వాళ్ళు చెప్పారు. తిరిగొచ్చి ముఖం వేలాడేసుకుంటే ఆమె నవ్వారు. మంచి కట్టుబాటులో అన్యాయం కూడా ఉండవచ్చనీ, రెండూ చూసినవాడికే ఏది ఉంచుకోవాలో, ఏది వదులుకోవాలో తెలుస్తుందనీ అన్నారు. గదిలో ఎవరు ఊరి సమస్య దేని మీద వాదులాడుకున్నా ఆమెది అదే పద్ధతి. పుస్తకంలో ఏముందో వెతికేవారు, ఊళ్ళో ఎవరికేం గుర్తుందో అడిగించేవారు, ఆ రెంటినీ పక్కపక్కన పెట్టేవారు.

గ్రంథాలయానికి సొంత గది కావాలని ఆమె తిరగని ఆఫీసు లేదు. వానాకాలం వస్తే పైకప్పు కారి, పుస్తకాలను ఒక మూల నుంచి ఇంకో మూలకు మోసేవాళ్ళం. ఆమె ఉద్యోగం ఇంకొద్ది రోజుల్లో ముగుస్తుందనగా గది మంజూరైంది. ఊరి చివర, చెరువు కింద, ముళ్ళ చిల్లచెట్లు పెరిగిన ఖాళీ పోరంబోకును పంచాయతీవాళ్ళు చూపించారు. ఇద్దరం వెళ్ళి చూశాం. నేను కిటికీలు ఎటు పెట్టాలో, పిల్లల బల్ల ఎక్కడ వేయాలో చెబుతూనే ఉన్నాను. ఆమె మాత్రం చెట్ల మధ్య వంగి నడుస్తూ ఒకచోట ఆగారు. మట్టిలో సగం పూడిన రాళ్ళ వరుస అక్కడ కనిపించింది. దాని వెంట పైకి వెళితే చెరువు కలుజు దగ్గర తేలాం. చెరువు నిండితే మిగులు నీరు పొర్లిపోయే చోటును మా వైపు కలుజు అంటారు. వరుస వెంట కిందికి దిగితే కాలనీ పక్కగా సముద్రం వైపు పోయే వాగు వచ్చింది. కుడిమరామత్తు ఆగిపోయాక పార పట్టుకుని ఆ దారిన నడిచినవాళ్ళు లేరు. నడవకపోయేసరికి కాలువ కాస్తా ఖాళీ స్థలమైపోయింది. దాన్ని పూడ్చి గోడ లేపితే, చెరువు నిండిన ఏడు నీళ్ళు తిరిగేది కాలనీ ఇళ్ళ మీదికే.

బడి వరండాలో జరిగిన గ్రామసభలో ఆమె లేచి ఆ స్థలం వద్దన్నారు. సర్పంచి విసుక్కున్నాడు.

"ఏందమ్మా ఇది? గది గది అని మా ప్రాణాలు తోడినారు. తీరా వచ్చినాక వద్దంటారా?"

వెనక నుంచి ఎవరో, పుస్తకాలు మితిమీరి చదివితే ఇట్టనే ఉంటాదిలే అన్నారు. జనం నవ్వారు. ఈ స్థలం కాదంటే మంజూరు ఇంకో ఊరికి పోతుందని సర్పంచి చెప్పాడు. అందులో అబద్ధం లేదు, అది ఆమెకూ తెలుసు. అయినా ఆమె కూర్చోలేదు.

"గది నాకు కావాల. మీ అందరికంటే నాకే ఎక్కువ కావాల. కానీ ఇది మన తాతలు ఇంటికొకరు వచ్చి తవ్విన దోవ. తవ్వడం మనం మానుకున్నాం, సరే. పూడ్చే హక్కు మనకెవరిచ్చినారు? ఆ పొద్దు మట్టి మోసినోళ్ళకు నీళ్ళు ఆఖరున ఇచ్చినాం. ఈ పొద్దు వరద ముందుగా ఇస్తామా?"

తరువాత చాలాసేపు వాదన నడిచింది. చివరికి కాలనీవాళ్ళు ఒక్కొక్కరుగా లేచి ఆమె వెనక నిలబడ్డారు. స్థలం రద్దయింది, గది ఇంకో ఊరికి వెళ్ళిపోయింది. నాకు దుఃఖం ఆగలేదు. మీకు బాధగా లేదా అని అడిగేశాను. చీర ముక్కతో బీరువా తుడుస్తూ, వెనక్కి తిరగకుండానే అన్నారు.

"లేదని ఎవరన్నారు?"

ఆ ఏడు వానలకు ముందు ఆమె ఒక పార కొనుక్కుని కాలువలో దిగారు. జనం వింతగా చూశారు. నేను నా వైండింగ్ దుకాణం మూసి వెళ్ళాను. కాలనీ నుంచి కొందరు వచ్చారు, రైతుల్లో ఇద్దరు ముగ్గురు వచ్చారు. ఈసారి ఎవరు ఎక్కడ తవ్వాలో కాలనీవాళ్ళే చెప్పాలని ఆమె పట్టుబట్టారు. అక్కడ చిన్న గొడవ కూడా అయింది, ఒక రైతు పార విసిరేసి పోయాడు. పని మాత్రం ఆగలేదు. ఉద్యోగం ముగిశాక ఆమె బిట్రగుంట వెళ్ళిపోయారు, కొన్నాళ్ళకు అక్కడే కన్నుమూశారు.

గ్రంథాలయానికి ఈనాటికీ సొంత గది లేదు. వాన పడితే పుస్తకాలు ఇప్పటికీ మూల మార్చుకుంటాయి, ఆ పని చేసేటప్పుడు ఆమె మీద కొంచెం కోపం కూడా వస్తుంది. కానీ ఏటా కాలువ పనికి వెళుతూనే ఉన్నాను. ఇంటికొకరు రారు, వచ్చేవాళ్ళు వస్తారు. ఖాళీ స్థలం అనే మాట ఎవరి నోట విన్నా, ఖాళీ కాకముందు అక్కడ ఏముండేదో అడగకుండా ఉండలేను. పెద్దవాన కురిసిన మరునాడు ఉదయం మాత్రం కాలనీ దాకా నడిచి వెళతాను. ఇళ్ళలో నేల పొడిగా ఉంటుంది. పొయ్యిలు రాజుకుని ఉంటాయి. ఏందన్నా ఇంత పొద్దున్నే ఇట్టొచ్చినావు అని ఎవరో ఒకరు అడుగుతారు.

ఊరికేలే అక్కా అంటాను.