ముగ్గురూ బయటే ఉండిపోయారు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, ఎంసీఏ చదివే మేమంతా కంప్యూటరుతో దేన్నైనా నడిపించేయగలమని నమ్మేవాళ్ళం. జగ్గయ్యపేట నుంచి నందిగామ కాలేజీకి రోజూ బస్సులో నిలబడి వెళ్ళే నేనైతే ఏకంగా అంతరిక్షాన్నే ఎంచుకున్నాను. ఒక వ్యోమనౌకలో ముగ్గురు వ్యోమగాములు, ఒక రోబో. ఎవరు ఏ గంటకు ఏ పని చేయాలో మా ప్రోగ్రాము చెప్పాలి. అదే చివరి ఏడాది ప్రాజెక్టు. నాతో కలిసి చేసిన స్నేహితురాలిని అందరూ 'కంగారు' అనేవాళ్ళు (ఆ పేరు పెట్టింది నేనే, నాకేదో స్థిమితం ఎక్కువైనట్టు). పాసైతే ఇద్దరికీ హైదరాబాదులో ఉద్యోగాలు సిద్ధంగా ఉన్నాయి.

పరీక్షించడానికి విజయవాడ నుంచి వచ్చిన పెద్దాయన మా తెరను చాలాసేపు చూసి, "రోబో చెయ్యి విరిగిందనుకోండమ్మా. అప్పుడు?" అన్నారు. వద్దని కంగారు నా చున్నీ లాగుతున్నా వినకుండా ధీమాగా ఆ సంగతి టైపు చేశాను. ప్రోగ్రాము క్షణంలో పనులన్నీ మళ్ళీ పంచేసింది. రోబో చేయాల్సిన మరమ్మతుకు ముగ్గురినీ నౌక బయటికి పంపింది.

"లోపల ఎవరున్నారమ్మా?"

"ఎవరూ లేరండి."

"తలుపు లోపల్నించే తియ్యాలని మీరే రాశారు. మరెవరు తీస్తారు?"

"రోబో అండి."

"దాని చెయ్యి విరిగిందిగా."

కంగారు కుర్చీలో కూలబడింది. ఆయన తెరమీద ఇంకాస్త కిందికి చూశారు. పని అయ్యాక ముగ్గురికీ ఎనిమిది గంటల నిద్ర అని ఉంది. అక్కడే, బయటే. "ఆర్నెల్లాగి మళ్ళీ రండమ్మా," అన్నారు, కోప్పడకుండానే. కోప్పడినా బాగుండేది.

ఆ సాయంత్రం బస్సులో సీటు దొరికినా కూర్చోలేదు. ఇంట్లో అడుగు పెట్టగానే, బడిపంతులైన మా నాన్న, "ఏమ్మా, అలా ఉన్నావు?" అన్నారు.

"ముగ్గురూ బయటే ఉండిపోయారు నాన్నా."

"బస్సు దొరకలేదా? ఏ ఊరు పిల్లలు?"

వెక్కుతూ మొత్తం చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, "నిజం మనుషులైతే కాదు గదా?" అని అడిగారు.

"కాదు."

"ఐతే అన్నం తిను."

తిన్నాను, ఏడుస్తూనే. హైదరాబాదు కంపెనీ మా కోసం ఆగలేదు. ఆర్నెల్ల తర్వాత పాసయ్యాం. లోపల ఒక్కరైనా ఉండాలనే ఆ ఒక్క వాక్యం కంగారే రాసింది, పది నిమిషాల్లో. ఆ రోజు ఉద్యోగం కోసం ఏడ్చానో, ఆ ముగ్గురి కోసమో నాకిప్పటికీ తెలియదు. ఏడుస్తూ అన్నం తిన్న అప్పటి నన్ను తలుచుకుంటే నవ్వొస్తుంది. తర్వాత కాసేపు ఏమీ తోచదు.