నల్లపూస మెడలో గంట

శౌరయ్య తేగ నమిలితే గేదె నెమరు వేసినట్టుంటుంది. ఇది ఆయన్ని వెక్కిరించడానికి అంటున్న మాట కాదు. ఆయన బతుకుతెరువే అది. ఉడకబెట్టిన తేగను చీల్చి, మైకు ముందు పీట వేసుకుని కూర్చుని, కుడి దవడన పెట్టి తీరిగ్గా నమిలితే, కళ్ళు మూసుకుని వినేవాడికి పక్కన పాడిగేదె పడుకున్నట్టే ఉంటుంది. నానబెట్టిన గోనెసంచిని తొట్టిలో పిసికితే ఆ గేదె కాలవలో పొర్లుతుంది. తడి తువ్వాలుతో తొడ మీద కొట్టుకుంటే తోకతో ఈగలు తోలుకుంటుంది. విజయవాడ మొగల్రాజపురంలో ఒక మేడ మూడో అంతస్తున, చప్పుడు చేస్తుందని ఏసీ కూడా ఆపేసిన గదిలో, అరవై నాలుగేళ్ళ మనిషి బనీనుతో నిలబడి దూడలా అడుగులు వేస్తుంటే చూసేవాళ్ళకు నవ్వొస్తుంది. ఆయనకు మాత్రం పని దగ్గర నవ్వు రాదు.

ఆ పనంతా నల్లపూస కోసం. నల్లపూస అంటే బొమ్మల సినిమాలో దున్నపోతులకు కూడా భయపడని ఓ గేదెదూడ. నుదుట తెల్లమచ్చ, మెడలో చిరుగంట. మొదటి సినిమాలో సంతలో తప్పిపోయి ఇల్లు చేరింది. రెండోదాంట్లో బెజవాడ వచ్చి వంతెన మీద బళ్ళన్నీ ఆపేసింది. ఈ చుట్టుపక్కల నల్లపూస బొమ్మ లేని స్కూలు సంచీ కనబడితే ఆ పిల్లవాడికి ఇంట్లో అన్యాయం జరుగుతున్నట్టే లెక్క. తెర మీద దూడ కనబడక ముందే గంట వినబడుతుంది, హాల్లో పిల్లలు ‘వచ్చింది, వచ్చింది’ అని లేచి నిలబడతారు. ఆ గంట ఆడించేది శౌరయ్య చెయ్యి.

ఆయన్ని వెతికి పట్టుకున్నవాడు దర్శకుడు సిద్ధార్థ. పామర్రు దగ్గర రైతుల ఇంటి కుర్రాడు, కంప్యూటర్ మీద బొమ్మలు నడిపించడం నేర్చుకున్నవాడు. మొదటి సినిమాకి గేదె అరుపులూ అడుగులూ కంప్యూటర్‌లో దొరికినవే పెట్టుకున్నాడు. వాళ్ళ నాయనమ్మకు చూపిస్తే ఆవిడ కాసేపు విని, ఇది మన గేదె కాదురా, దీనికి మన గడ్డి పడదు అని తేల్చేసింది. పాతికమంది రాత్రింబవళ్ళు చేసిన పని ఆ ఒక్క మాటతో పడిపోయింది. అప్పుడెవరో గుణదలలో శౌరయ్య ఉన్నాడని చెప్పారు.

శౌరయ్య పడుచు వయసులో పౌరాణిక నాటకాలకు తెర వెనక చప్పుళ్ళు చేసేవాడు. రేకు ఊపితే ఉరుము, కొబ్బరిచిప్పలు కొడితే గుర్రాలు. నాటకాలు తగ్గాక మైకుసెట్టు పెట్టుకుని పెళ్ళిళ్ళకూ, గుణదల మేరీమాత తిరునాళ్ళకూ హారన్లు కట్టాడు. ముప్పై ఏళ్ళు ఆ హారన్ల కిందే అన్నం తిన్నాడు, అక్కడే కునుకు తీశాడు. సిద్ధార్థ వచ్చి గేదెలా నడవగలరా అని అడిగిన రోజు, భార్య అమలమ్మ గుమ్మంలోంచి, ఆయన నడిచేదే అలాగండీ అంది. భర్తను మెచ్చుకున్న పాపాన ఆవిడ ఏనాడూ పోలేదు.

ఇప్పుడు మూడో సినిమా తీస్తున్నారు. నల్లపూస పెద్దదైంది, తల్లయింది. తన చిన్ననాటి గంట ఇప్పుడు దాని దూడ మెడలో ఉంది. వరద రాబోతుంటే, తెల్లవారుజామున మంచులో ఆ దూడ ఏటి మధ్య లంకలో చిక్కుకుపోతుంది. కంటికి ఏమీ కనబడదు. నల్లపూస ఆ గంట చప్పుడు పట్టుకుని ఏట్లో దిగి, దూడను చేరాలి. మాటల్లేవు, పాట లేదు, మూడు నిమిషాలు వట్టి నీళ్ళూ అడుగులూ గంటా. సినిమాకి ప్రాణమంతా అక్కడే ఉందని సిద్ధార్థ అందరికీ చెప్పుకున్నాడు. ఈసారి హైదరాబాదు నుంచి డబ్బు పెట్టినవాళ్ళు ఇంకా ఈ పెద్దాయనేనా, కంప్యూటర్‌లో పెట్టుకుంటే పోదా అని అడిగితే, శౌరయ్యగారు లేకపోతే దూడ నడవదని వాదించి ఒప్పించాడు.

అలాంటి సమయంలో గంట పాడైంది. అంటే, పాడైందని శౌరయ్య అనుకున్నాడు. ఎంత ఆడించినా గంట నాలుక అంచుకు తగిలిన టక్కుమనే చప్పుడే తప్ప ఆ తర్వాత రావలసిన మోత రావడం లేదు. గట్టిగా ఆడించాడు. అద్దం అవతల సౌండు చూసుకునే కీర్తన, బాబాయ్ కొంచెం మెల్లగా అంది. మైలవరం పిల్ల, నెమ్మదస్తురాలు, చెవి మంచిది. అయినా ఈసారి ఆమెకే సరిగ్గా వినబడటం లేదని ఆయన జాలిపడ్డాడు. మర్నాడు వన్‌టౌన్‌లో నాసిర్ ఇత్తడి కొట్టుకు వెళ్ళి కొత్త గంట తెచ్చాడు. అదీ మూగదే. మార్చి ఇంకోటి తెచ్చాడు. అదీ అంతే. ఇత్తడిలో ఏదో కల్తీ కలుపుతున్నారని ఇంటి దగ్గర రెండు రోజులు తిట్టాడు.

ఆ రెండో గంట పట్టుకుని వెళ్ళినప్పుడు మాత్రం తాడోపేడో తేల్చుకుందామనే వెళ్ళాడు. నాసిర్ తండ్రి కాలం నుంచీ ఆ కొట్టుకు పేరుంది. ఓటి గంటలు అమ్మి ఆ పేరు చెడగొట్టకు అన్నాడు శౌరయ్య. నాసిర్ నొచ్చుకోలేదు. గంట తీసుకుని, చెవి దగ్గర కూడా పెట్టుకోకుండా, రెండు వేళ్ళతో పట్టుకుని ఒక్కసారి ఆడించాడు. కొట్టులో ఒకావిడ చంటిబిడ్డను చంకనేసుకుని బిందెలు చూస్తోంది. ఆ బిడ్డ అటు తిరిగి ఉన్నది చటుక్కున ఇటు తిరిగింది. నాసిర్ మళ్ళీ ఆడించాడు. బిడ్డ బోసినోరు తెరిచి నవ్వుతూ గంట కోసం చెయ్యి చాచింది. శౌరయ్యకు టక్కుమన్న చప్పుడొక్కటే వినబడింది.

"బాగానే ఉంది కదండీ, శౌరయ్య గారూ" అన్నాడు నాసిర్.

"బాగుంది" అన్నాడు శౌరయ్య. గంట జేబులో వేసుకుని కొట్టు దిగాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఇన్నాళ్ళూ ఇత్తడిని తిట్టానని అర్థమయ్యేసరికి ఆయనకు సిగ్గేసింది, తర్వాత భయమేసింది. ఆటో ఎక్కడం కూడా మరిచి చాలా దూరం నడిచాడు.

ఇంటికి వచ్చి రెండు రోజులు ఎవరితోనూ చెప్పలేదు. చెప్పకుండా నెట్టుకు రావచ్చేమో అనుకున్నాడు. అలవాటైన చెయ్యి, మణికట్టు లెక్కతో ఆడిస్తే సరిపోతుంది. చెబితే ఏమవుతుందో తెలుసు. చెవులు లేని సౌండ్ ఎఫెక్ట్స్ మనిషిని ఎవరుంచుకుంటారు? హైదరాబాదువాళ్ళు మళ్ళీ నోరు తెరవక ముందే తానే వాళ్ళకు మాట అందించినట్టవుతుంది. పోయేది జీతం ఒక్కటే అయితే ఇంత బాధ ఉండేది కాదు. ముసలితనంలో తనను వెతుక్కుంటూ వచ్చిన పని, మనవళ్ళ ఈడు పిల్లల్ని లేపి నిలబెట్టిన పని పోతుంది. కానీ మంచులో తల్లి దూడను వెతుక్కునేది ఆ గంటను నమ్ముకునే. అది తప్పు మోగితే సినిమా అంతా తప్పిపోతుంది. మూడో రోజు అన్నం ముందు కూర్చుని అమలమ్మతో చెప్పేశాడు.

ఆవిడ వడ్డిస్తున్న గరిటె అలాగే పట్టుకుని నిలబడింది.

"నేను పిలిస్తే పలక్కపోవడం పొగరనుకున్నాను ఇన్నాళ్ళూ" అంది. ఆ తర్వాత కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఎన్నిసార్లు చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుందని విసుక్కుందో తలుచుకుని ఇంకాసేపు ఏడ్చింది. శౌరయ్యే ఆవిణ్ణి ఊరుకోబెట్టాల్సి వచ్చింది. మైలవరం ఆసుపత్రిలో నర్సు చేస్తున్న కూతురు డయానా ఆ వారమే పరీక్ష చేయించింది. మిషను పెట్టుకుంటే మాటలు తెలుస్తాయి, సన్నటి చప్పుళ్ళు మాత్రం మళ్ళీ వస్తాయని చెప్పలేమన్నారు డాక్టరు.

పరీక్ష అయిన మర్నాడు పొద్దున్నే స్టూడియోకి వెళ్ళి కీర్తనతో అన్నాడు.

"అమ్మాయ్, నాకు గంట వినబడటం లేదు."

ఆమె తల దించుకుంది. "తెలుసు బాబాయ్" అంది. రెండు సీన్లలో ఆయన ఆడించిన గంట తీసేసి, పాత సినిమాల్లో ఆయనే ఆడించినది తెచ్చి అతికించానని, చెప్పడానికి నోరు రాలేదని ఒప్పుకుంది. చెవులు పోయినందుకంటే శౌరయ్య ఈ మాటకే ఎక్కువ నొచ్చుకున్నాడు. అయినా ఆ పిల్ల మొహం చూస్తే కోపం నిలవలేదు. ఈ ఆఖరి సీనుకి అదీ కుదరలేదు బాబాయ్ అందామె. పాత గంటలన్నీ పరిగెత్తేవీ ఆడుకునేవీ, చలికి వణుకుతూ నీళ్ళలో నిలబడ్డ దూడ గంట వాటిలో ఎక్కడా లేదంది.

అప్పటికే సిద్ధార్థ వచ్చి కూర్చున్నాడు. విన్నాడు. శౌరయ్య ఇంకొక్క రోజు ఇమ్మని అడిగాడు. ఆయనకో ఉపాయం తట్టింది. నాటకాల రోజుల్లో తెర వెనకున్నవాడికి స్టేజి కనబడేది కాదు. రాముడు విల్లు ఎప్పుడు విరిచాడో తెలిసేదెలా? పక్క తెరలో ప్రాంప్టరు నిలబడి వేలు ఎత్తేవాడు. వేలు లేస్తే ఉరుము, దిగితే నిశ్శబ్దం. కళ్ళు లేని చోట అప్పుడు వేలు పనిచేసింది కదా, చెవులు లేని చోట ఎందుకు చెయ్యదనుకున్నాడు. కీర్తనకు తెర చూసుకునే పనుంది, పైగా మర్యాదస్తురాలు, బాగా లేకపోయినా సూపర్ బాబాయ్ అంటుంది. తనను ఒక్కనాడూ మెచ్చుకోని మనిషి కావాలి.

అమలమ్మ ఆదివారం చర్చిలో పూజకు కట్టుకునే చీర కట్టుకుని వచ్చింది. అద్దం అవతల కూర్చోబెట్టి చెవులకు హెడ్‌ఫోన్ పెట్టారు. ఎక్కువైతే వేలు దించు, తగ్గితే ఎత్తు, సరిగ్గా ఉంటే ఏమీ చెయ్యకు అని శౌరయ్య చెప్పాడు. ఆవిడకు సినిమా కథ తెలియనక్కర్లేదు, దూడ బతికున్నట్టు అనిపించాలి, అంతే.

మొదటి టేకుకి వేలు దించింది. రెండోదానికీ దించింది. మూడోసారి ఎత్తీ దించీ, చివరికి ఆ వేలినే అడ్డంగా ఊపేసింది. నాలుగోసారి సిద్ధార్థ బాగుందనుకున్నాడు, ఆవిడకు నచ్చలేదు. శౌరయ్య చెమట తుడుచుకున్నాడు. గంటను అరచేతిలో దాచుకుని, ఒక్క బొటనవేలితో నాలుకను అంచుకు ఆనించి వదిలాడు. తెర వంక చూడటం మానేశాడు. ఆవిడ మొహమే చూస్తూ ఆడించాడు. కనుబొమ ముడిపడితే మెల్లగా, పెదవి కదిలితే ఇంకొంచెం. అంతంత సేపు ఆవిడ మొహం వంక చూసి ఎన్నేళ్ళయిందో ఆయనకే గుర్తు లేదు. ఆరోసారి సగంలో ఆవిడ వేలు ఒళ్ళో పడిపోయింది. మళ్ళీ లేవలేదు. దూడ కోసం నల్లపూస ఏట్లో దిగింది, దగ్గరికొచ్చింది, చేరుకుంది. ఆవిడ కదల్లేదు.

కీర్తన రికార్డింగు ఆపేసింది. సిద్ధార్థ లేచి వచ్చి శౌరయ్య రెండు చేతులూ పట్టుకున్నాడు. వచ్చే సినిమాకి కూడా ఇద్దరూ రావాలన్నాడు. కీర్తన ఆ ముక్క మళ్ళీ వేసి, హెడ్‌ఫోన్ ఆయన చెవులకు పెట్టింది. శౌరయ్య విన్నాడు. నీళ్ళు వినబడ్డాయి, తల్లి అడుగులు వినబడ్డాయి, దాని ఆయాసం వినబడింది. అన్నీ తన చేతులతో చేసినవే. గంట ఉండవలసిన చోట ఏమీ లేదు. హెడ్‌ఫోన్ తీసేశాడు. ఇన్నేళ్ళలో తాను చేసినవాటిలోకెల్లా మంచి పని ఇదేనని అందరి మొహాలూ చెబుతున్నాయి, అదొక్కటే తనకు అందదు.

అద్దం అవతలినుంచి అమలమ్మ వచ్చి పక్కన నిలబడింది.

"ఎలా ఉంది?" అని అడిగాడు.

ఆవిడ ఏదో గుర్తు తెచ్చుకుని, ఆయనకు కాస్త బాగా వినబడే చెవి దగ్గరికి వంగింది.

"మన డయానాకి మొదటిసారి మువ్వల పట్టీలు పెట్టాం చూడండీ. నడక రాలేదు దానికింకా. గడప పట్టుకుని నిలబడి, పడతానేమోనని ఒక్క కాలే మెల్లగా కదిపింది. అలా ఉంది."

శౌరయ్యకు ఆ గడపా, ఆ కాలూ, ఆ చప్పుడూ అన్నీ గుర్తొచ్చాయి. ఆ చప్పుడు ఏ హారనూ ముట్టుకోలేని చోట భద్రంగా ఉంది.

"ఇంకోసారి చెప్పు" అన్నాడు.

ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో మొదటిసారి, చెప్పిన మాటనే అమలమ్మ విసుక్కోకుండా మళ్ళీ చెప్పింది.