పసుపుపచ్చ పండు, ఎర్ర సీసా

ఎర్రజెండా ప్రభుత్వం వచ్చి నాలుగైదేళ్లయి ఉంటుంది. బెంగాలీల నగరంలో, రేవు పక్కనున్న వాట్‌గంజ్‌లో మా తెలుగువాళ్ల సందు మొదట్లో ఒకడు బల్ల వేసుకుని సీసా మందు అమ్మేవాడు. సీసా మీద ఎర్రటి రాస్ప్‌బెర్రీ బొమ్మ. డార్జిలింగ్ కొండల్లో కాసే అడవి రాస్ప్‌బెర్రీ వేరు రసమట, ఎలాంటి విరేచనాలైనా కట్టేస్తుందట. సిగ్గులేని మనిషి.

మా అక్క కూతురికి అప్పటికి ఏడాది నిండలేదు. విరేచనాలు పట్టుకున్న రెండో రోజుకి పిల్ల ఏడుస్తున్నా కన్నీళ్లు రావడం లేదు. రేవులో బరువులు మోసే మా బావ పరుగెత్తుకెళ్లి ఆ సీసా తెచ్చాడు.

నేను బడి మధ్యలో మానేసినవాణ్ణే. కానీ పేట గ్రంథాలయంలో కొండ మొక్కల మీద ఉన్న లావుపాటి పుస్తకాన్ని రెండుసార్లు చదివాను. ఆ రాస్ప్‌బెర్రీని కొండవాళ్లు ఐసెలు అంటారు. వేరు దంచి విరేచనాలకూ జ్వరానికీ తాగుతారు, కడుపునొప్పికి చిగుళ్లు నములుతారు. పండు మాత్రం పసుపుపచ్చగా ఉంటుంది.

మూత తీసి ఒక చుక్క నాలుక మీద వేసుకున్నాను. పంచదార పాకం, మిఠాయి రంగు. సీసా పట్టుకుని వాడి దగ్గరికి వెళ్లాను.

"ఐసెలు పండు ఏ రంగు?"

"ఎరుపే. బొమ్మ అవుపడతా లేదేటి?"

"పసుపు. నువ్వెప్పుడైనా చూశావా?"

"నువ్వు సూసేవేటి తమ్ముడూ? కాయితం మీద పండు సూసినోడు కూడా నాకు సెప్పొచ్చీడమే!"

చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వారు. ఆ నవ్విన వాళ్లలో ఒక్కడూ పుస్తకం ముట్టినవాడు లేడు.

ఇంటికొచ్చి నీళ్లు కాచి చల్లార్చి, ఇంకో పుస్తకంలో చదివిన కొలత ప్రకారం ఉప్పూ పంచదారా కలిపాను.

"ఉప్పునీళ్లోసి పిల్లని సంపేత్తావేట్రా?" అని బావ చెయ్యెత్తాడు.

అక్క గిన్నె లాక్కుంది. "నువ్వుండెహె. ఆడు సదివినోడు."

రోజంతా చెంచా చెంచాగా పట్టింది. చీకటి పడేవేళకి పిల్ల ఏడిస్తే చెంప తడిసింది. అక్క ఆ తడిని వేలితో తుడిచి నాకు చూపించింది.

వారం తిరక్కుండానే మా బావ సందేశ్ మిఠాయి పొట్లం కట్టించుకుని, నన్నూ వెంటబెట్టుకుని ఆ బల్ల దగ్గరికి వెళ్లాడు.

"దాదా, నీ సీసా గుమ్మంలో అడుగెట్టగానే జబ్బు పారిపోనాది!"

వాడు పొట్లం అందుకుని, నా వైపు చూస్తూనే ఒక సందేశ్ నోట్లో వేసుకున్నాడు. ఇంట్లో ఆ సీసా నిండుగా అలాగే ఉంది. అందులో తగ్గింది నేను నాకిన చుక్క ఒక్కటే.