నా కాలికి తగ్గ బ్రేకు

మా ఇంట్ల ఒక ఎర్ర కారున్నది. రెండే డోర్లు, రెండే సీట్లు, మీద గుడ్డ కప్పు. వాన పడితే బయటి కన్న లోపలనే ఎక్కువ పడుతది. ఎప్పుడో బోధన్ షుగర్ ఫ్యాక్టరీల ఒక పెద్ద ఆఫీసరు షోకుకు తెచ్చుకున్న బండి. ఆయన బదిలీ మీద పోతపోత, ఫ్యాక్టరీల ఫిట్టర్ పని చేసే మా బాపుకు ఇచ్చిపోయిండు. అప్పటికే అది కదలని బండి. బాపు దాని ఇంజన్ తీసి పక్కకు పెట్టి, తర్వాత కాలం కారుది పెద్ద ఇంజన్ ఎక్కిచ్చిండు. గేర్లు మార్చిండు, సీట్లు కుట్టిచ్చిండు. బ్రేకుల జోలికి మాత్రం పోలే. "ఉరుకుడు ఎవరికైనా వస్తది బిడ్డా, ఆగుడే రాదు" అని మళ్ల ఆయనే అంటుండె. చెప్పుడుకేం, నోరేగా.

నేను డ్రైవింగ్ నేర్చుకున్నది దాని మీదనే. అప్పుడు నా చేతులు పుల్లలోలె ఉంటుండె, హ్యాండ్ బ్రేకు గుంజరాకపోతుండె. బాపు ఫ్యాక్టరీ తుక్కులకెల్లి ఒక ఇనుప గొట్టం తెచ్చి, ఆ కడ్డీకి తొడిగి, వెల్డింగ్ చేసి పొడుగు చేసిండు. చూసినోళ్లంత "ఇది కారా, బోరింగా?" అని నవ్విండ్రు. నాకైతే ఒక్క చేత్తోని అలకగ వచ్చింది. బాపు పోయినంక ఆ కారు నా ఎంబడి నిజామాబాద్ల మా అత్తగారింటికి వచ్చింది.

ఇగ నా కాలు సంగతి. పోయినేడు స్కూటీ జారి కిందపడ్డ. కుడి మోకాలు పలిగింది. ప్లేటు వేసిండ్రు. "నడుస్తవమ్మా, గని పాత బలం రాదు" అని డాక్టర్ ముందే చెప్పిండు. ఇంట్లోళ్లకు నేను నడుస్తనా లేదా అన్న రంది. నాకేమో బ్రేకు తొక్కుతనా లేదా అన్న రంది. ఆ కారు బ్రేకు తొక్కుడంటే మంచి కాలుతోనే సీట్లకెల్లి లేసినంత పనైతుండె.

నన్ను నడిపిచ్చింది మా అత్త. ఇది నేను ఎవరి ముంగటనైనా చెప్త. బీడీలు చేసే చెయ్యి ఆమెది, వేళ్లు సన్నగ ఉంటయి గని పట్టుకుంటే ఇడువయి. రోజు పొద్దుగూకంగనే బీడీల చాట పక్కకు జరిపి, నువ్వుల నూనె వేడి చేసి, మోర్తాడ్ల మా ఆడిబిడ్డ ఇంటికెల్లి వచ్చిన పసుపు అండ్ల కలిపి, నా మోకాలు ముందలేసుకుని కూసునేది. నొప్పికి నేను నోటికొచ్చినట్టు తిడుతుంటి. "తిట్టు బిడ్డా, తిట్టు. తిట్టెటోళ్లకు జల్ది తక్కువైతది" అని ఇంకింత గట్టిగ రుద్దేది. నా చీరలన్నిటికి పసుపు మరకలే. డాక్టర్‌కు దండం, ఫిజియోథెరపీ పిల్లకు దండం. గని నాకు బాత్రూం దాకా నా అంతల నేను పోవచ్చిన రోజు ముందుగాల గుర్తొచ్చింది అత్త చేతులే.

నేను నడుస్తున్న, కారు మాత్రం ఇంటి ముంగట పట్టా కప్పుకుని ఉన్నది. పాత బండ్లు జమ చేసే హైదరాబాద్ ఆయనొకాయన అడుగుడు మొదలుపెట్టిండు. మా ఆయన నెమ్మది మనిషి. కోపమొచ్చినా అన్నం తిన్నంకనే చెప్తడు. అన్నం తిని, చెయ్యి కడుక్కొని చెప్పిండు: "దసరా దాకా ఆగుమని చెప్పిన. ఆలోపల నీ కాలుతోని నువ్వు ఆపగలిగితే ఉంచుకుందాం. లేకుంటే ఇచ్చేద్దాం. ఆపరాని బండిని నీ చేతికి ఇయ్యను."

నాకు మండింది. గని ఆయన చెప్పిన దాంట్ల తప్పేం లేదు.

బోధన్‌ల బ్రేకుల పని చేసే చాచా ఒకాయనున్నడు. బాపుకు దోస్తు. పని వచ్చు, వచ్చునని గొప్పలు చెప్పుకునుడు ఇంకా మంచిగ వచ్చు. నా బండి చూడంగనే ఆయన కండ్లు మెరిసినయి. "నాలుగు చక్రాలకు డిస్కు బ్రేకులే పెడ్తా బేటీ. పెద్ద జీపుయి ఉన్నయి నా తాన. తొక్కినవంటే బండి ముక్కు పోయి నేలకు తగలాలె" అన్నడు.

"చాచా, బండి ముక్కు సంగతి తర్వాత. నా కాలు సంగతి చెప్పు" అన్న.

పెద్ద డిస్కులు మా చక్రాలల్ల పట్టనే పట్టయి. చక్రాలు మార్చాలె, ఆ మీద బండి సూరతే మారుతది. ఫోన్‌ల చూస్తే ఒక్కొక్కరు ఒక్కొక్క తీరు చెప్తున్నరు, అందరికీ పెద్దదే కావాలె. ఆఖరికి మామూలు చిన్న కార్ల డిస్కులు ముందరికి చాలని నేనన్న. చాచా మొఖం మాడ్చుకుని బిగిచ్చిండు. బిగిచ్చినంక తొక్కి చూస్తే ఏముంది, రాయి. పాత బ్రేకు కన్న గట్టిగున్నది. కొత్తది పెడితే అలకగైతదనుకున్న నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

చాచా నింపాదిగ చెప్పిండు. పాత డ్రమ్ము బ్రేకులల్ల చక్రం తిరుగుడే లోపలి లైనింగును ఇంకింత గుంజుకుంటదట, తొక్కెటోళ్లకు అది జర సాయమట. డిస్కంటే రెండు దిక్కుల ప్యాడ్లు పట్టుకునే ఇనుప పల్లెం, దానికి ఆ సాయం లేదు, నువ్వు ఎంత తొక్కితే అంతే. "మరి ముందుగాల చెప్పద్దా?" అని గయ్యిమన్న. "నువ్వు అడిగినవా? డిస్కు చిన్నదా పెద్దదా అనే కొట్లాడితివి" అన్నడు. ఇద్దరం ఒక చాయ్ తాగినంక గని చల్లబడలే.

అప్పుడు బూస్టర్ మాట వచ్చింది. ఇంజన్ గాలి గుంజుకునే బలంతోని మన కాలుకు సాయం చేసే గుండ్రటి డబ్బా అది. పెడుదామంటే జాగ లేదు, అంతా బాపు ఇంజనే ఆక్రమించుకున్నది. చాచా బ్యాటరీని తీసి సీట్ల ఎనకకు జరిపి, దాని జాగల డబ్బా ఇరికిచ్చిండు. నేను చెప్పులిడిచి ఉత్త కాలు పెట్టి తొక్కిన. పెడల్ మెత్తగ కిందికి దిగింది. మోకాలు కిమ్మనలే. నాకైతే చాచా కాళ్లు మొక్కబుద్ధయింది, గని మొక్కితే ఇగ ఆయన గొప్పలు ఆపతరం కాదని ఊకున్న.

హ్యాండ్ బ్రేకు పట్టే ఎనక చక్రాల కాడ మళ్ల లొల్లి. "ఈ పాత డ్రమ్ములెందుకు? ఈ బోరింగు కడ్డీ ఎందుకు? అన్నీ తీసేసి కొత్తగ చేస్తా. నలుగురు చూస్తే నా ఇజ్జత్ పోతది" అని చాచా. "గవి బాపు నాటియి. ముట్టద్దు" అని నేను. నా తాన ఇంకో కారణమే లేదు. ఉత్త మొండితనం. "అచ్చం మీ బాపు లెక్కనే" అని తిట్టుకుంట డ్రమ్ములు సాఫు చేసి, కొత్త లైనింగులు ఏసి, ఉన్నకాడనే ఉంచిండు. దసరా ముందటి రోజు మా ఆయనను పక్కన కూసోబెట్టుకుని ఫ్యాక్టరీ రోడ్డు మీద ఎన్నో మార్లు ఆపి చూపిచ్చిన. ఆయన దిగి, "మంచిగనే ఆగుతున్నది" అన్నడు. ఆయన నోట్లకెల్లి అంత మాట వచ్చుడే ఎక్కువ. "రేపు మా అవ్వను కూడా దీంట్లనే చిన్నమ్మ ఇంటికి తీస్కపోయి రా. పొద్దుగూకంగ హైదరాబాద్ ఆయనకు లేదని చెప్పేస్తా."

దసరా నాడు బండికి పూజ. బంతిపూల దండ, బొట్లు, నిమ్మకాయలు. అత్త ఎప్పుడు ఎక్కని ఆ కారు ఆ రోజు ఎక్కింది. బోధన్‌ల ఉన్న ఆమె చెల్లెకు జమ్మి పెట్టి రావాలె. చేతిల జమ్మాకు పట్టుకుని, కొంగు నెత్తి మీద కప్పుకుని, పెండ్లిపిల్లోలె కూసున్నది.

ఊర్ల బ్రేకు తొక్కితే జర జారినట్టు అనిపిచ్చింది. కొత్తయి నాలుగొద్దులు సతాయిస్తయని చాచా చెప్పిండు గదా అనుకున్న. కమ్మగ పసుపు మాడిన వాసన కూడా వచ్చింది. పండుగపూట ఎవరింట్లనో పోపు పెడుతున్నరు అనుకున్న. మా దిక్కు పసుపు వాసనొస్తే ఎవరన్న ఆలోచన చేస్తరా?

ఎడపల్లి దాటినంక రోడ్డు మీద సగం దాకా వడ్లు ఆరబోసి ఉన్నయి. ముందట ట్రాక్టరు పోతున్నది. ఎదురుంగ బస్సొచ్చేసరికి అది ఆగింది. నేను తొక్కిన. పెడల్ దిగింది, బండి ఆగలే. ఇంకింత తొక్కిన. జారుకుంట పోతనే ఉన్నది. ట్రాక్టరు డబ్బా మొఖం మీదికి వస్తున్నది. నా మోకాలే నన్ను మోసం చేసిందనుకున్న. పక్కన అత్త. చెయ్యి దానంతల అదే పోయి బాపు కడ్డీని పట్టుకుని గుంజింది. ఎనక చక్రాలు కీసుమన్నయి, నేను స్టీరింగు వడ్ల దిక్కు తిప్పిన. బండి పోయి వడ్ల కుప్పల ముక్కు పెట్టి ఆగింది.

అత్త ఒళ్లె జమ్మాకు మీద దోసెడు వడ్లు పడ్డయి. ఇద్దరికి ఒక్క గీత కూడా పడలే. వడ్లు ఆరబోస్తున్న ముసలామె ఉరికొచ్చి, "కండ్లు నెత్తికెక్కినయానే?" అని మొదలుపెట్టింది. అత్త గజగజ వణుకుడు చూసి సగంల ఆపి, చెంబుల నీళ్లు తెచ్చి తాగిపిచ్చింది. "వడ్లు ఏరుకుంట తియ్యి, మనుషులైతే మంచిగున్నరు" అన్నది. ఆ తల్లి పేరు కూడా అడుగలే నేను. ఏడున్నా సల్లగుండాలె.

రోడ్డు పక్క రాయి మీద కూసున్న. "అమ్మేద్దాం అత్తమ్మా. నా కాలుతోని కాదు" అన్న. ఏడుపాగలే. అత్త నా మోకాలు మీద చెయ్యి పెట్టి కూసున్నది. నేను చాచాకు ఫోన్ చేసిన.

చాచా దుకాణం ఇడిచిపెట్టి స్కూటర్ మీద వచ్చిండు. ముందర చక్రం తీసి, డిస్కు మీద ఏలు పెట్టి రాసి, ముక్కు కాడ పెట్టుకున్నడు. ఏలు పచ్చగున్నది. "బేటీ, నీ కాలు మంచిగనే తొక్కింది. డిస్కుకు నూనె ఉన్నది. పసుపు నూనె. నూనె మీద బ్రేకు ఎట్ల పడుతది?"

నా కాలు కాదు! నాకు నవ్వొచ్చింది. రోడ్డు మీదనే పిచ్చిదాని లెక్క నవ్విన. కారు పోదు, నేను నడపొచ్చు, బాపు బండి మా ఇంట్లనే ఉంటది. "ఏ మొద్దు చేసింది గీ పని?" అని నవ్వుకుంటనే ఎనక్కి మర్రిన. అత్త మొఖం చూసినంక నవ్వు ఆగిపోయింది.

"నేనే పూసిన" అన్నది. "పొద్దుగాల నువ్వు తానానికి పోయినప్పుడు. చక్రం సందులకెల్లి కొత్త బ్రేకు తళతళ మెరుస్తుండె. నీ కాలుకు పనిచేసింది గదా, దీనికి కూడా మంచిగైతది అనుకున్న బిడ్డా."

చాచా తల వంచుకుని పెట్రోలు బట్టతోని డిస్కులు తుడిచిండు. నూనె తాగిన ప్యాడ్లు తీసేసి, స్కూటర్ డిక్కిల ఉన్న కొత్తయి ఏసిండు. పోయేటప్పుడు ఆ పొడుగు కడ్డీ మీద చెయ్యేసి, "దీన్ని తీసేస్తనంటి" అన్నడు. ఆయన గొప్పలు చెప్పకుండ పోయింది ఆ ఒక్క రోజే.

కారు ఉన్నది. మా ఆయన ఆ దినం పొద్దుగూకంగనే హైదరాబాద్‌కు ఫోన్ చేసి లేదని చెప్పిండు. జరిగిందంత విని, అన్నం తినకుండనే చాలాసేపు కారు కాడ నిలబడ్డడు.

గని అత్త నా మోకాలు ముట్టుడు బంద్ చేసింది. పొద్దుగూకితే చాట ముందలేసుకుని తల ఎత్తకుండ బీడీలు చుడుతుండె. "కాలు గుంజుతున్నదత్తమ్మా" అంటే "గోలీ ఏసుకో బిడ్డా" అనేది. ఒకనాడు పక్కింటామెతోని అంటుంటే ఇన్న: "నా చెయ్యి మంచిది కాదు. పిల్లను సంపుతుంటి."

సలికాలం వచ్చింది. మోకాల్ల ప్లేటు ఉన్నోళ్లకు సలి ఏందో తెలుస్తది. ఒక దినం పొద్దుగూకినంక నేనే నూనె వేడి చేసిన. మోర్తాడ్ పసుపు కలిపిన. గిన్నె తెచ్చి బీడీల చాట పక్కన పెట్టి, ఆమె ఎదురుంగ కింద కూసుని కాలు చాపిన.

అత్త గిన్నె దిక్కు చూసింది. నా దిక్కు చూడలే.

"బండికి వద్దన్న గని, నాకు వద్దన్ననా అత్తమ్మా?" అన్న.

అత్త చేతిలున్న బీడీకి దారం చుట్టి చాటల పెట్టింది. కండ్లు కొంగుతోని తుడుచుకున్నది.

"చేతులకు తంబాకున్నదే. కడుక్కొని వస్త, గట్లనే ఉండు" అని లేసింది.

నేను గట్లనే ఉన్న.